ఉచిత విద్యుత్ పంపుసెట్లు: ఫ్యూజు, ఎర్తు రెండూ ఎందుకు ఉండాలి?



ఉచిత వ్యవసాయ విద్యుత్ కనెక్షన్ ఉన్నవారికి కరెంటు బిల్లు భారం లేదు. కానీ స్టార్టర్ డబ్బా దగ్గర ప్రాణానికి రక్షణ ఫ్యూజు, ఎర్తు. ఈ రెండూ కలిసే పనిచేస్తాయి. ఒకటి ఉండి ఒకటి లేకపోతే చాలదు.

ఎలా పనిచేస్తాయి?
డబ్బా లోపల వైరు ఒరుసుకుపోయి ఇనుప డబ్బాకు తగిలిందనుకోండి. ఎర్తు బాగుంటే కరెంటు భూమిలోకి పోతుంది. ఆ దారి మొత్తం నిరోధం 5 ఓములైతే, 230 వోల్టులకు 46 ఆంపియర్లు పారుతుంది. 15 ఆంపియర్ల ఫ్యూజు వెంటనే తెగిపోతుంది. మీరు క్షేమం.

గుంత ఎండిపోయి నిరోధం 100 ఓములైతే పారేది 2.3 ఆంపియర్లే. ఫ్యూజు తెగదు, డబ్బాలో కరెంటు అలాగే ఉంటుంది. ముట్టుకుంటే షాకే.

అలాగే ఫ్యూజు మాటిమాటికీ పోతోందని మందం తీగ చుడితే, ఎర్తు ఎంత బాగున్నా కరెంటు ఆగదు.

ఏ ఫ్యూజు వేయాలి?
5 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు ఫుల్ లోడులో సుమారు 7-8 ఆంపియర్లు తీసుకుంటుంది. మోటారుకు తగిన ఫ్యూజు వైరు ఎంతో ఎలక్ట్రీషియన్‌ను అడిగి, అదే వేయించండి. మళ్లీ మళ్లీ పోతుంటే తప్పు ఫ్యూజుది కాదు. మోటారు, కేబుల్ చూపించండి.

ఎర్తు ఎలా ఉండాలి?
• సుమారు రెండున్నర మీటర్ల జీఐ పైపు నిలువుగా పాతి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా వేయాలి.
• ఎర్తు వైరు స్టార్టర్ డబ్బాకు, పైన ఉండే మోటారైతే దాని బాడీకి కూడా గట్టిగా బిగించాలి.
• ఎండాకాలంలో గుంతలో తరచూ నీళ్లు పోయాలి.
• ఏడాదికోసారి ఎర్త్ టెస్టర్‌తో కొలిపించాలి.

ఇవి చేయొద్దు
• కరెంటు లేదు కదా అని డబ్బా తెరవొద్దు. సప్లై ఎప్పుడైనా రావచ్చు, ఆటో స్టార్టర్ ఉంటే మోటారు దానంతటదే తిరుగుతుంది. మెయిన్ స్విచ్ ఆపి, ఆ తర్వాతే తెరవండి.
• తడి చేతులతో, తడి కాళ్లతో స్టార్టర్ ముట్టొద్దు.
• ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు మీరు వేయొద్దు. లైన్‌మన్‌కు చెప్పండి, లేదా 1912కు ఫోన్ చేయండి.

ఎవరికైనా షాకు కొడితే చేత్తో పట్టుకుని లాగొద్దు. ముందు మెయిన్ ఆపండి. వీలు కాకపోతే ఎండిన కర్రతో వైరు పక్కకు తోసి, వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇది చదివాక ఈరోజే ఒకసారి మీ ఎర్తు వైరు తెగిందా, ఊడిందా చూసుకోండి. పక్క చేను రైతుకూ ఈ పేజీ పంపండి.