నిలుకడలేని ఉద్యోగము – ఆరోగ్య రక్షణ

మనుష్యునకు అన్నవస్త్రముల నొసగునది ఉద్యోగము. దినచర్యకు ఒక క్రమమును, నలుగురిలో గౌరవమును కలిగించునదియు అదియే. అట్టి ఉద్యోగము రేపు ఉండునో ఊడునో తెలియనప్పుడు కలుగు బాధను పలువురు కేవలము మనస్సునకు సంబంధించిన దిగులుగా భావింతురు. అది సరికాదు. ఆ దిగులు నెలల తరబడి నిలిచినచో నిద్రను, జీర్ణశక్తిని, రక్తపుపోటును, గుండెను కూడ బాధించును. ఉద్యోగము పోయిన తరువాతనే కాదు, పోవునేమో యను భయముతోనే ఆరోగ్యము చెడవచ్చునని పరిశోధనలు తెలుపుచున్నవి. ఐ.టి. రంగములో తాత్కాలికముగాను, కాంట్రాక్టు పద్ధతిపైనను పనిచేయు యువతీయువకులును, వారి కుటుంబములవారును ఈ విషయమును తెలిసికొనుట అవసరము.

కాంట్రాక్టు పని నడచు విధము

భారతదేశములో ఐ.టి. రంగమునందు 50 లక్షలకు పైగా జనులు పనిచేయుచున్నారు. హైదరాబాదులో 1998వ సంవత్సరమున సైబర్ టవర్స్ ప్రారంభమైనది మొదలు, తెలుగు జిల్లాలనుండి ఏటేటా వేలకొలది పట్టభద్రులు ఈ పనికై నగరమునకు వచ్చుచున్నారు. వీరందరును తాము పనిచేయు కంపెనీకి స్వంత ఉద్యోగులు కారు. ఒక పెద్ద కంపెనీ ఏదైన ప్రాజెక్టును చేపట్టినప్పుడు, దానికి కావలసిన మనుష్యులలో కొందరిని వెండారు అనబడు మధ్యవర్తి సంస్థద్వారా తెచ్చుకొనును. పని చేయునది పెద్ద కంపెనీ కార్యాలయములో. జీతము వచ్చునది వెండారు వద్దనుండి. కొన్ని సందర్భములలో ఈ రెండింటి నడుమ మరియొక వెండారు కూడ ఉండును.

ఒప్పందము మూడు నెలలకో, ఆరు నెలలకో, సంవత్సరమునకో వ్రాయబడును. గడువు ముగియునప్పుడు దానిని పొడిగింతురో లేదో చివరి వారమువరకు తెలియకపోవుట కలదు. ప్రాజెక్టు ఆగినచో ముందుగా పంపివేయబడువారు వీరే. స్వంత ఉద్యోగిని కొంతకాలము బెంచిపై ఉంచి జీతమిచ్చు వాడుక ఉన్నది. కాంట్రాక్టు ఉద్యోగికి సాధారణముగా ఆ వెసులుబాటు లేదు. జబ్బుచేసి సెలవు పెట్టిన దినమునకు జీతము కోతపడుటయు, కంపెనీవారి ఆరోగ్య బీమా వర్తింపకపోవుటయు కొన్నిచోట్ల కలదు. అందుచేత జ్వరముతోనే పనికి కూర్చుండువారును, వైద్యపరీక్షలను వాయిదా వేయువారును కనబడుదురు.

2001లో అమెరికాలో ఇంటర్నెట్ కంపెనీలు కూలినప్పుడును, 2008 నాటి ఆర్థిక సంక్షోభమునందును ఈ రంగము దెబ్బతిన్నది. 2022 చివరి నెలలనుండి పెద్ద కంపెనీలు మరల ఉద్యోగులను తగ్గించినవి. కృత్రిమ మేధ వలన టెస్టింగు, సపోర్టు వంటి పనులు ఏమగునో యను సందేహము దీనికి తోడైనది. విదేశములలోని తెలుగువారికి ఈ భయము మరింత ఎక్కువ. అమెరికాలో హెచ్-1బి వీసాపై పనిచేయువాని ఉద్యోగము పోయినచో, గరిష్ఠముగా 60 దినములలోపల మరియొక యజమానిని వెదకుకొనవలెను, లేదా వీసా మార్చుకొనవలెను, లేదా దేశము విడువవలెను. అక్కడి కొడుకు ఫోనులో చెప్పని దిగులు ఇక్కడి తల్లిదండ్రుల నిద్రను కూడ చెరచును.

భయము దేహమును బాధించు విధము

ఆపద ఎదురైనప్పుడు దేహము తనను తాను కాపాడుకొనుటకు సిద్ధపడును. మూత్రపిండములపై నుండు అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అను రసములను రక్తములోనికి విడుచును. గుండె వేగముగా కొట్టుకొనును, రక్తపుపోటు పెరుగును, రక్తములో చక్కెర హెచ్చును. పాము ఎదురైనప్పుడు ఇది మేలుచేయును. పాము పోయిన కొద్దిసేపటికి దేహము యథాస్థితికి వచ్చును.

ఉద్యోగభయము అట్టిది కాదు. అది ఒక గంటలో ఎదురై పోవునది కాక, పడక మీదను, భోజనమువద్దను వెంటనుండునది. ఉద్యోగము పోయినదని నిశ్చయముగా తెలిసినవాడు దుఃఖించినను, తరువాత చేయవలసినదానిని ఆలోచింపగలడు. పోవునో ఉండునో తెలియనివాడు ఏ నిర్ణయమును చేయజాలడు. ఇల్లు మారవలెనా, పెండ్లి కుదుర్చుకొనవలెనా, బ్యాంకు అప్పు తీసికొనవలెనా యను ప్రతి ప్రశ్నయు మధ్యలో ఆగిపోవును. దేహము మాత్రము రాత్రింబగళ్లు ఆపదకు సిద్ధముగానే ఉండును. ఈ స్థితి దీర్ఘకాలము సాగుటయే అనారోగ్యమునకు కారణము.

పరిశోధనలు తెలిపిన సంగతులు

ఇంగ్లండులో ప్రభుత్వోద్యోగుల ఆరోగ్యమును గూర్చి వైట్‌హాల్ రెండవ పరిశోధన 1985లో ఆరంభమైనది. అందులోని ఒక శాఖను ప్రైవేటువారికి అప్పగింపనున్నట్లు తెలిసెను. అప్పటికి ఎవరి ఉద్యోగమును పోలేదు, జీతమును తగ్గలేదు. ఐనను ఇతర శాఖలవారితో పోల్చిచూడగా ఆ శాఖవారి ఆరోగ్యము క్షీణించినట్లు 1995లో ప్రకటింపబడిన ఫలితములు తెలిపినవి. రానున్న మార్పును ఎదురుచూచుటయే వారిని బాధించినది.

2013లో కొందరు శాస్త్రజ్ఞులు 13 పరిశోధనలలోని 1,74,438 మంది వివరములను కలిపి పరిశీలించిరి. ఉద్యోగమునకు భద్రత లేదని తలచువారిలో గుండెజబ్బు ఇతరులకంటె సుమారు 32 శాతము ఎక్కువగా కనబడెను. పేదరికము, ధూమపానము మొదలగు ఇతర కారణములను లెక్కించి తీసివేసిన పిమ్మటకూడ 19 శాతము ఎక్కువగానే నిలిచెను. ఇది ప్రతివానికిని గుండెజబ్బు వచ్చునని చెప్పుట కాదు. జాగ్రత్త అవసరమని చెప్పుట మాత్రమే.

భయముచేత అధికముగా పనిచేయుట మరియొక హాని. వారమునకు 55 గంటలు, అంతకుమించి పనిచేయువారికి, 35 నుండి 40 గంటలు పనిచేయువారికంటె పక్షవాతపు ప్రమాదము 35 శాతమును, గుండెజబ్బుచే మరణించు ప్రమాదము 17 శాతమును ఎక్కువయని ప్రపంచ ఆరోగ్య సంస్థయు, అంతర్జాతీయ కార్మిక సంస్థయు 2021లో ప్రకటించినవి. 2025లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో హైదరాబాదులోని 345 మంది ఐ.టి. ఉద్యోగులను పరీక్షింపగా 84 శాతము మందికి కాలేయములో క్రొవ్వు పేరుకొన్నట్లు తేలినది. దీర్ఘకాలము కూర్చుండుట, నిద్రలేమి, మానసికపు ఒత్తిడి, వేళగాని వేళ భోజనము ఇందుకు దోహదము చేయునవి. కాంట్రాక్టు పొడిగింపుకై రాత్రులు మేలుకొని పనిచేయువానికి ఈ నాలుగును ఒక్కటిగా సంభవించును.

గుర్తింపవలసిన లక్షణములు

నిద్ర పట్టకపోవుట, లేక తెల్లవారుజామున మెలకువ వచ్చి మరల నిద్రరాకపోవుట, తలనొప్పి, మెడనొప్పి, కడుపులో మంట, గుండెదడ, చిన్న మాటకే కోపము, ఆకలి తగ్గుట లేక మితిమీరి తినుట, సిగరెట్లు, మద్యము పెరుగుట, ఇదివరకు ఇష్టమైన పనులపై ఆసక్తి పోవుట, మిత్రుల ఫోనునకు బదులు పలుకకపోవుట—ఇవి సాధారణముగా కనబడు లక్షణములు. విచారమును, నిరాసక్తియు రెండు వారములకు మించి ప్రతిదినము నిలిచినచో వైద్యుని సలహా తప్పక పొందవలెను. ఛాతీలో నొప్పి, ఆయాసము కలిగినచో అది దిగులువలననే యని ఊరకుండక వెంటనే ఆసుపత్రికి పోవలెను.

దాచుటవలన కలుగు కీడు

ఒక యువకుని స్థితిని ఊహింపవచ్చును. అతని కాంట్రాక్టు ముగిసినది. తండ్రి వ్యవసాయము అమ్మి చదివించెను. చెల్లెలి పెండ్లికి అప్పు ఉన్నది. ఆ సంగతి ఇంట చెప్పుటకు నోరురాక, ప్రతి ఉదయము లాప్‌టాప్ సంచి భుజమున వేసికొని బయలుదేరి, సాయంకాలమునకు మరలివచ్చును. జీతము వచ్చినట్లు చూపుటకు క్రెడిట్ కార్డుపై డబ్బు తీసి ఇంటికి పంపును. మూడు నెలలకు అప్పు పెరిగినది, నిద్ర పోయినది, ఇంటర్వ్యూలో మాట తడబడుచున్నది. నాల్గవ నెలలో తండ్రికి బ్యాంకువారి ఫోనువలన తెలిసినది. తండ్రి పలికిన మొదటి మాట, “మొదటి దినమే చెప్పియుండిన నీకీ భారము తగ్గియుండును గదరా నాయనా” అనునది. ఇట్టి సంసారములు పెక్కు కలవు. ఉద్యోగము పోవుటకంటె దానిని ఒంటరిగా మోయుటయే అతనిని ఎక్కువ బాధించినది.

నివారణోపాయములు

దినచర్య: ఆస్ట్రియాలోని మారీన్‌టాల్ గ్రామములో బట్టలమిల్లు మూతపడిన పిదప అక్కడి జనుల జీవితమును పరిశీలించి 1933లో ఒక గ్రంథమును ప్రకటించిరి. పనిలేక తీరిక పెరిగినను, ఉచితముగా దొరకు పుస్తకములను సహితము గ్రంథాలయమునుండి తీసికొనువారు తగ్గిరి. పురుషుల నడక మందగించినది. పగలంతయు ఏమిచేసినది వారు చెప్పలేకపోయిరి. కాబట్టి పనిలేని దినములలోను ఒకే వేళకు లేచుట, స్నానము, భోజనము, ఉద్యోగ ప్రయత్నము, క్రొత్త విద్య నేర్చుట, నడక—వీనికి వేళలు నిర్ణయించుకొనవలెను. వారమునకు 150 నిమిషములకు తక్కువకాకుండ చురుకుగా నడువవలెను.

నిద్ర: రాత్రి ఏడెనిమిది గంటల నిద్ర అవసరము. ఉద్యోగ ప్రకటనలను, ఈ-మెయిలును పడకపై చూడరాదు. వానికి పగటివేళ ఒక గంటను కేటాయింపవలెను.

పరీక్షలు: 30 ఏండ్లు దాటిన ప్రతివారును రక్తపుపోటు, చక్కెర పరీక్షింపించుకొనవలెను. ఆయుష్మాన్ ఆరోగ్య మందిరములలో ఈ పరీక్షలు ఉచితముగా చేయుదురు. రక్తపుపోటు పలుమార్లు 140/90 లేక అంతకుమించి ఉన్నను, పరగడుపున చక్కెర 126 లేక అంతకుమించి ఉన్నను చికిత్స అవసరము.

ధనము: ఆర్థిక జాగ్రత్త ఆరోగ్య జాగ్రత్తలో భాగమే. వీలైనచో ఆరు నెలల ఇంటిఖర్చును విడిగా ఉంచుకొనవలెను. కంపెనీ బీమా కాంట్రాక్టుతోనే ముగియును గనుక, ఆరోగ్యముగా ఉన్నప్పుడే స్వంత బీమా తీసికొనుట మేలు. వ్యాధి వచ్చిన పిదప తీసికొన్నచో ఆ వ్యాధికి కొంతకాలము బీమా వర్తింపదు. 70 ఏండ్లు నిండిన తల్లిదండ్రులకు 2024 అక్టోబరునుండి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఆయుష్మాన్ భారత్ క్రింద ఏటా కుటుంబమునకు 5 లక్షల రూపాయలవరకు చికిత్స లభించుచున్నది. మానసిక వ్యాధులకును శారీరక వ్యాధులతో సమానముగా బీమా కల్పింపవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ఆదేశించినది.

పత్రములు: నియామక పత్రము, జీతపు చీటీలు, ప్రావిడెంటు ఫండు సంఖ్య, ఒప్పందము నకలు జాగ్రత్తపరచుకొనవలెను. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన కార్మిక నియమావళులు నియామక పత్రమును తప్పనిసరి చేసినవి. నిర్ణీతకాల ఉద్యోగికి ఒక సంవత్సరము పనిచేసినచో గ్రాట్యుటీ పొందు హక్కును కల్పించినవి. ఈ హక్కు యజమానితో నేరుగా నిర్ణీతకాలపు ఒప్పందము చేసికొన్నవారిది. వెండారుద్వారా వచ్చినవాని స్థితి వేరు కావచ్చును. కావున తన ఒప్పందము ఏ విధమైనదో చేరునప్పుడే అడిగి తెలిసికొనవలెను. తెలిసినంత మేరకు భయము తగ్గును.

కుటుంబము చేయవలసినది

“పక్కింటి అబ్బాయికి పర్మనెంటు అయినదట” యను పోలికలు గాయపరచును. ప్రతిదినము “ఏమైనది?” యని అడుగుటకంటె, కలిసి భోజనము చేయుటయు, ఖర్చులను కలిసి లెక్కించుటయు మేలు. ఉద్యోగము పోయిన వార్తను చెప్పినవానిని మొదట నిందింపరాదు. నిజము చెప్పినందుకు మాటపడినవాడు రెండవసారి చెప్పడు.

యజమానుల బాధ్యత

పొడిగింపు ఉండునో లేదో కనీసము ఒక నెల ముందుగా తెలుపుటకు పెద్ద ఖర్చు లేదు; దానివలన కలుగు మేలు గొప్పది. చెడువార్తయైనను ముందుగా తెలిసినచో మనిషి సిద్ధపడగలడు. జబ్బు దినములకు జీతము, వైద్యపరీక్షలు, సలహాదారుని సేవలు కాంట్రాక్టువారికి కూడ కల్పించుట న్యాయము. ఒకే గదిలో ఒకే పని చేయువారి గుండెలు ఒకే విధముగా పనిచేయును.

సహాయము లభించు చోట్లు

2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి-మానస్ సేవకు 14416 సంఖ్యపై ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేయవచ్చును. తెలుగులోనే మాట్లాడవచ్చును. హైదరాబాదు ఎఱ్ఱగడ్డలోను, విశాఖపట్టణములోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలు కలవు. జీవితముపై విరక్తి కలిగినదని ఎవరైన పలికినచో ఆ మాటను తేలికగా తీసికొనరాదు. వారిని ఒంటరిగా విడువక, ఓపికతో విని, వెంటనే ఈ సంఖ్యకు ఫోను చేయవలెను, లేదా సమీప ఆసుపత్రికి తీసికొనిపోవలెను. సకాలమున సహాయము అందినచో ఆ స్థితినుండి పెక్కుమంది కోలుకొనుచున్నారు.

కాంట్రాక్టు గడువు కాగితముపై వ్రాసినదే. ఆ తేదీ తరువాతకూడ మనిషి బ్రదుకవలెను, పనిచేయవలెను, తనవారితో సుఖముగా ఉండవలెను. అందుకు కావలసిన ఆరోగ్యమును నేటి భయమునకు బలి చేయరాదు. భయము కలిగిన దినముననే నమ్మకమైనవారితో చెప్పుట, ఆ రాత్రి వేళకు నిద్రించుట, ఆ వారములోనే రక్తపుపోటు చూపించుకొనుట—ఈ మూడును ఎవరికైనను సాధ్యమైన పనులు, వీనితోనే ఆరంభింపవలెను.