పైథానా, జావానా? బుజ్జికి పెదనాన్న ఉత్తరం



బుజ్జీ, నరసరావుపేటలో బి.కామ్ కంప్యూటర్స్ రెండో ఏడాది చదువుతున్న నువ్వు వాట్సాప్‌లో ఒక్క ముక్క అడిగావు: ముందు పైథాన్ నేర్చుకోనా, జావా నేర్చుకోనా? దాని కింద ఒక ప్రకటన కూడా అంటించావు. కొద్ది రోజుల్లో ఫుల్‌స్టాక్ డెవలపర్ అయిపోవచ్చట. అసలు ధర కొట్టేసి పక్కనే ఎర్రంకెల్లో కొత్త ధర వేశారు, ఈ అర్ధరాత్రితో ఆఫర్ బంద్. ఫోన్లోనే చెప్పేయొచ్చు. కానీ ఫోన్లో విన్న సలహా ఈ చెవిన పడి ఆ చెవిన పోతుందని మీ పెదనాన్న నమ్మకం. అందుకే ఉత్తరం.

జవాబు ముందే చెప్పేస్తే, పైథాన్. అయితే ఆ ప్రకటన చెప్పే కారణాలతో దీనికి పని లేదు.

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందుల్లో తిరిగినవాళ్లకు ఒక సంగతి తెలుసు. సాఫ్ట్‌వేర్ గాలి ఎటు వీస్తోందో అక్కడి కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు చూస్తే చాలు. 2000 సంవత్సరం దగ్గరపడేసరికి, పాత ప్రోగ్రాముల్లో ఏడాదిని రెండే అంకెలతో రాసిన లోపం దిద్దడానికి అమెరికా కంపెనీలకు మనుషులు కావాల్సివచ్చారు. ఆ బోర్డుల మీద కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ వెలిగాయి. తర్వాత జావా, డాట్‌నెట్, శాప్, టెస్టింగ్ టూల్స్ వచ్చాయి. ఇప్పుడు పైథాన్, డేటా సైన్స్, ఏఐ. బోర్డు మారినంత మాత్రాన పాతది నేర్చినవాళ్లంతా ఇంటిదారి పట్టలేదు. లూపు ఎప్పుడు ఆగాలో, లెక్కను ఎన్ని ముక్కలు చేస్తే సులువవుతుందో పట్టుబడినవాళ్లు కొత్త భాషలోకి పెద్ద తిప్పలు లేకుండానే మారారు. సింటాక్స్ బట్టీ పట్టినవాళ్లు మాత్రం బోర్డు మారిన ప్రతిసారీ మళ్లీ ఒకటో క్లాసులో కూర్చున్నారు, మళ్లీ ఫీజు కట్టారు.

పైథాన్ కొత్తది, జావా పాతది అని నీ స్నేహితురాళ్లు అంటున్నారట. వరస తిరగబడింది. గైడో వాన్ రోసమ్ ఆమ్‌స్టర్‌డామ్‌లో 1989 క్రిస్మస్ సెలవుల్లో పైథాన్ పని మొదలుపెట్టి 1991లో బయటపెట్టాడు. సన్ మైక్రోసిస్టమ్స్ నుంచి జావా వచ్చింది 1995లో. అదే ఏడాది నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో జావాస్క్రిప్ట్ తొలి రూపం తయారుచేశాడు. జావా పేరు మారుమోగుతున్న రోజులు కాబట్టి ఆ పేరు తగిలించారు గానీ, ఆ రెంటికీ చుట్టరికం లేదు. ఇంటర్వ్యూలో ఆ రెంటి తేడా అడిగితే ఇంజనీరింగ్ పిల్లలు కూడా తడబడతారు, గుర్తుపెట్టుకో.

మరి పైథానే ఎందుకంటే, మొదటి రోజున అది అడ్డం తక్కువ పడుతుంది. జావాలో తెర మీద ఒక్క నమస్తే కనబడాలంటే క్లాస్, పబ్లిక్, స్టాటిక్, వాయిడ్ అన్నీ ముందు రాయాలి, అర్థం తర్వాత చెబుతామంటారు. 2025లో వచ్చిన జావా 25 ఈ తతంగాన్ని చాలావరకు తీసేసింది, అయితే మన లాబుల్లో ఇంకా పాత పుస్తకాలే నడుస్తాయి. పైథాన్‌లో ఇదంతా ఒక్క లైను. బి.కామ్ పిల్లకు ఇంకో లాభం, రోజూ చూసే ఎక్సెల్ షీట్లనే పైథాన్‌తో చదివించి, కలిపి, మొత్తాలు తీయించవచ్చు. పక్కన కాస్త ఎస్‌క్యూఎల్ తోడైతే ఆఫీసుల్లో పనికొచ్చే జోడీ అవుతుంది. వెబ్ పేజీలు చేయడమే ఇష్టమనుకుంటే జావాస్క్రిప్ట్‌తో మొదలుపెట్టినా తప్పులేదు. ఆండ్రాయిడ్ యాప్‌లే లోకమనుకునేవాళ్లు కోట్లిన్ వైపు వెళ్లాలి, 2019 నుంచి గూగుల్ దానికే మొదటి పీట వేసింది.

పైథాన్ సులువంటే అంతా సులువని కాదు. వాడే మనిషిని రెండు అంకెలు అడిగి కూడే ప్రోగ్రాము రాసి చూడు. 5, 7 ఇస్తే 12 రావాలి కదా, 57 వస్తుంది. కీబోర్డు నుంచి వచ్చిందేదైనా పైథాన్‌కు అక్షరాలే. వాటిని నువ్వు అంకెలుగా మార్చకపోతే పక్కపక్కన అతికిస్తుంది. ఎర్రర్ కూడా చూపించదు, నవ్వుతూ తప్పు జవాబిస్తుంది. ఈ 57ను చూసి ఎందుకొచ్చిందా అని పట్టుబట్టి కూర్చున్న పిల్ల డేటా టైపుల పాఠం ఇంక మరవదు.

ఇంకొక ప్రయోగం తెలుగువాళ్లకు మరీ ముచ్చటైనది. విజయవాడ అని తెలుగులో టైప్ చేసి అక్షరాలెన్నని పైథాన్‌ను అడుగు. మన కంటికి అయిదు, అది ఏడంటుంది. వ మీద గుడి, వ పక్కన దీర్ఘం యూనికోడ్ లెక్కలో వేర్వేరు సంకేతాలు. ఇప్పుడు మాటను తిరగేయమను. డవాయజవి రావాల్సిన చోట డావయజివ వస్తుంది. సంకేతాల వరస తిరగబడ్డాక దీర్ఘం వెళ్లి డకు, గుడి వెళ్లి జకు తగులుకున్నాయి. ఇదే మాటను యూటీఎఫ్-8లో పెట్టి సి భాషను పొడవు అడిగితే 21 అంటుంది, ఒక్కో సంకేతానికి మూడు బైట్లు మరి. జావా, జావాస్క్రిప్ట్ ఏడే అంటాయి. యాపిల్ వాళ్ల స్విఫ్ట్ మాత్రం మనలాగే అయిదు లెక్కపెడుతుంది. ఒక్క ఊరి పేరుకు మూడు జవాబులు, మూడూ వాటి వాటి లెక్కలో సరైనవే. ఏ భాష గొప్పదన్న వాదన కంటే, ఇది ఏం లెక్కపెడుతోంది అన్న ప్రశ్న ఎక్కువ నేర్పుతుంది.

సి సంగతి కూడా ఒక మాట. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ చేసిన భాష. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో మొదటి ఏడాది ఎక్కువగా అదే. దాన్ని తక్కువచేసి మాట్లాడేవాళ్ల మాట వినొద్దు, మెమరీ ఎలా పనిచేస్తుందో సి చూపించినంత సూటిగా పైథాన్ చూపించదు. చిక్కల్లా నీలం తెర టర్బో సి తోనే. అది డాస్ కాలపు సరుకు. అందులో పూర్ణాంకానికి రెండే బైట్లు, 32767కు ఒకటి కలిపితే మైనస్ 32768 వస్తుంది. కొత్త కంపైలర్లో అదే ప్రోగ్రాము మామూలుగా 32768 అంటుంది. లాబ్‌లో వచ్చిన జవాబు ఇంట్లో రాక పిల్లలు బెంబేలెత్తేది ఇలాంటి చోట్లే. మీ కాలేజీలో సి పేపరుంటే శ్రద్ధగా చదువు, ఇంటికి కంప్యూటర్ వచ్చాక మాత్రం ఉచితంగా దొరికే జీసీసీ కంపైలర్ పెట్టుకో.

ఇక కోర్సులు. భాష ఎంచుకోవడంలో పిల్లలు పోగొట్టుకునేది నాలుగు రోజులైతే, కోర్సులు మార్చడంలో పోగొట్టుకునేది ఏడాది. హార్వర్డ్, ఎంఐటీల ఆన్‌లైన్ కోర్సుల లెక్కలు 2019లో సైన్స్ పత్రికలో అచ్చయ్యాయి. 2017-18లో చేరినవాళ్లలో పూర్తిచేసినవాళ్లు 3.13 శాతం. చేరినవాళ్లలో సగానికి పైగా అసలు పాఠమే తెరవలేదు. సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టినవాళ్లలో మాత్రం 46 శాతం గట్టెక్కారు. కట్టిన డబ్బే చదివించిందని చెప్పలేం, గట్టిగా అనుకున్నవాళ్లే డబ్బు కట్టి ఉంటారు. ఏదైనా ఉచితం కదా అని నాలుగు కోర్సుల్లో పేరిచ్చుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదని నా అభిప్రాయం.

అందుకే కోర్సు మంచిచెడ్డలు వీడియో చూసి తేల్చొద్దు. ముందు అసైన్‌మెంట్ తెరిచి చూడు. ఖాళీ తెర మీద నీ అంతట నువ్వు రాయాల్సినది ప్రతి వారం ఉందా, దాన్ని ఎవరో ఒకరు, కనీసం ఒక యంత్రమైనా, దిద్ది తప్పు చూపుతుందా? ఉంటే మంచి కోర్సు. టీచరు టైప్ చేస్తుంటే చూసి తలూపడమే పనైతే, అది సినిమా.

హార్వర్డ్ సీఎస్50ను చూడు. డేవిడ్ మలన్ చెప్పే ఈ కోర్సు ఉచితం. స్క్రాచ్ దిమ్మెలతో మొదలై, కొన్ని వారాలు సి నేర్పి, తర్వాత పైథాన్‌కు వస్తుంది. సి వారాల్లో మారియో ఆటలోని మెట్ల పిరమిడ్‌ను హ్యాష్ గుర్తులతో గీయమంటారు. పైథాన్ వచ్చాక అదే పిరమిడ్‌ను మళ్లీ రాయిస్తారు. భాషల తేడా మీద ఉపన్యాసం అక్కర్లేకుండా చేతికే తెలిసిపోతుంది. అయితే కోర్సు బరువైనది, కాలేజీ పరీక్షలతో కలిపి మోయడం కష్టం. మిషిగన్ విశ్వవిద్యాలయం చార్లెస్ సెవరెన్స్ చెప్పే పైథాన్ ఫర్ ఎవ్రీబడీ మెత్తనిది, కంప్యూటర్ చదువు లేనివాళ్లను దృష్టిలో పెట్టుకుని తయారైంది, పుస్తకం కూడా ఉచితమే.

మన దేశంలో ఎన్‌పీటీఈఎల్ ఉంది. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి నడిపేది. కోర్సులు జనవరి, జులై నెలల్లో మొదలవుతాయి, చేరడానికి రూపాయి కట్టనక్కర్లేదు. సర్టిఫికెట్ కావాలంటేనే వెయ్యి రూపాయలు కట్టి, పరీక్షా కేంద్రానికి వెళ్లి, నిఘాలో కూర్చుని రాయాలి. మార్కుల్లో పాతిక అసైన్‌మెంట్లకు, 75 పరీక్షకు. ఇందులో ఐఐటీ రోపర్ సుదర్శన్ అయ్యంగార్ చెప్పే 12 వారాల జాయ్ ఆఫ్ కంప్యూటింగ్ నీకు సరిగ్గా సరిపోతుంది. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ మాధవన్ ముకుంద్ గారి 8 వారాల డేటా స్ట్రక్చర్స్ కోర్సును దాని తర్వాతకు దాచుకో, అది లోతైనది. ఇంగ్లీషు వేగం అందకపోతే ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్స్‌లో తెలుగు డబ్బింగ్ పాఠాలున్నాయి. గొంతు కాస్త రేడియో వార్తల్లా ఉంటుంది గానీ విషయానికి లోటు లేదు.

ఏఐ ఉండగా ఇదంతా ఎందుకని మీ అన్నయ్య అంటాడు. సీఎస్50 వాళ్లే చాట్‌జీపీటీతో అసైన్‌మెంట్ రాయించడం నిషేధించి, 2023లో బాతు బొమ్మ రూపంలో కనిపించే తమ సొంత ఏఐ సహాయకుడిని తెచ్చారు. దాన్ని జవాబు చేతికివ్వకుండా దారి చూపేలా తయారుచేశారు. నువ్వూ అదే పాటించు. ఎర్రర్ అర్థం కాకపోతే వివరం అడుగు, ప్రోగ్రాము రాసిపెట్టమని అడగొద్దు.

ల్యాప్‌టాప్ ఇప్పుడే కొనమని నాన్నను తొందరపెట్టకు. పైథాన్ రాసేందుకు వీలైన గూగుల్ కోలాబ్ బ్రౌజర్లోనే నడుస్తుంది, కాలేజీ లాబ్ చాలు. జులైలో, ఎన్‌పీటీఈఎల్ కోర్సులుండే స్వయం పోర్టల్‌లో జాయ్ ఆఫ్ కంప్యూటింగ్ ఒక్కదానిలోనే చేరు. రెండో వారం అసైన్‌మెంట్ పూర్తయ్యాక నువ్వు రాసిన ప్రోగ్రామును, తప్పులున్నా సరే, దిద్దకుండా అలాగే పంపు.

ఇట్లు,
మీ పెదనాన్న