ట్రాక్టరు ఇంజనులలో ఆధార బ్రాకెట్లపై ఉష్ణ వ్యాకోచ ప్రభావం

ట్రాక్టరు సైలెన్సరును పట్టి ఉంచే ఉక్కు బ్రాకెట్టు పగిలినప్పుడు, వెల్డింగు చేయించి మరింత మందమైన పట్టీని అమర్చడం పరిపాటి. అయినప్పటికీ కొంతకాలానికి అదే చోట గానీ, సైలెన్సరు ఫ్లాంజి వద్ద గానీ మళ్లీ పగులు ఏర్పడవచ్చు. ఇంజను కంపనాలతోపాటు ఉష్ణ వ్యాకోచం కూడా ఇందుకు ముఖ్య కారణం.

వ్యాకోచ పరిమాణం: ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగినప్పుడు మీటరు పొడవుగల మృదు ఉక్కు సుమారు 12, పోత ఇనుము 11, అల్యూమినియం 23 మైక్రోమీటర్లు సాగుతాయి. 600 మి.మీ. పొడవుగల ఉక్కు గొట్టం 30 డిగ్రీల నుండి 430 డిగ్రీలకు వేడెక్కినదనుకొంటే, అది దాదాపు 2.9 మి.మీ. పొడవు పెరుగుతుంది. గొట్టానికి దూరంగా, చల్లగా ఉన్న బ్రాకెట్టు ఆ మేరకు సాగదు. ఈ తేడాయే సమస్యకు మూలం.

ప్రతిబలం: వ్యాకోచాన్ని పూర్తిగా నిరోధిస్తే, ప్రతి 100 డిగ్రీల పెరుగుదలకు ఉక్కులో సుమారు 240 మెగాపాస్కళ్ల ప్రతిబలం జనిస్తుంది. సాధారణ మృదు ఉక్కు శాశ్వతంగా వంగడం ప్రారంభించే స్థాయి సుమారు 250 మెగాపాస్కళ్లు. ఆచరణలో బ్రాకెట్టు కొంత వంగి ఈ భారాన్ని తగ్గిస్తుంది. పట్టీ మందం పెంచితే ఆ వంగే గుణం నశించి, భారం ఫ్లాంజికి, స్టడ్లకు బదిలీ అవుతుంది. ఇంజను వేడెక్కి చల్లారిన ప్రతిసారీ ఈ భారం పునరావృతమై, లోహం అలసి పగులుతుంది.

గుర్తించే విధానం: ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత బ్రాకెట్టు బోల్టును తీయవలెను. రంధ్రాలు ఒకదానికొకటి పక్కకు జరిగినచో, బిగింపులోనే ప్రతిబలం ఉన్నదని గ్రహించవచ్చు.

సూచనలు:
1. బోల్టులన్నింటినీ వదులుగా అమర్చి, ముందుగా ఫ్లాంజి నట్లను, చివరగా బ్రాకెట్టును బిగించవలెను.
2. గొట్టం సాగే దిశలో నిలువు గాడి వంటి పొడవైన రంధ్రం ఉన్నచో, దానిని వెల్డింగుతో పూడ్చరాదు. అది లోపం కాదు, వ్యాకోచానికి విడిచిన చోటు.
3. వేడి తగిలే చోట నైలాన్ వలయం గల నట్లకు బదులు పూర్తి లోహపు లాక్ నట్లను వాడవలెను.
4. వేడిగా ఉన్న మానిఫోల్డుపై చల్లని నీరు పోయరాదు.

బ్రాకెట్టు బరువును మోయవలెను గాని, వ్యాకోచాన్ని నిరోధించరాదు. విస్తరణ శాస్త్రవేత్తలు శిక్షణ కార్యక్రమాలలో ఈ భేదాన్ని రైతులకు, మెకానిక్కులకు ప్రత్యక్షంగా చూపినచో, పదేపదే చేయించే మరమ్మతుల ఖర్చును తగ్గించవచ్చు.