పాత జీపుకు ముందు బ్రేకులు, తర్వాతే రంగు

మన దేశంలో 1940ల చివర్లో మహీంద్రా వారు విల్లీస్ జీపుల బిగింపు ప్రారంభించారు. ఆ రకం పాత జీపును ఇంటి దగ్గర బాగుచేసేవారిలో చాలామంది ముందు రంగు మీద, టాపు మీద పడటం మనం చూస్తుంటాం. ఇంజన్ స్టార్టయితే చాలు, రోడ్డెక్కిస్తారు. అది ఆగుతుందో లేదో చూడటం చివరికి! పైగా బ్రేక్ ఆయిల్ ఒలికితే వేసిన కొత్త రంగు కూడా లేచిపోతుంది.

మనం చదువుకున్న పాస్కల్ సూత్రం ఇక్కడ పనికొస్తుంది. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్‌లో పుట్టిన ఒత్తిడి ఆయిల్ ద్వారా నాలుగు చక్రాలకూ చేరుతుంది. ఈ పాత జీపుల్లో నాలుగింటికీ ఒకే లైను. ఎక్కడ ఒక్క రబ్బరు కప్పు బాగా కారినా అన్ని బ్రేకులూ పోతాయి.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకే ఏళ్ళ తరబడి కదలని బండిలో సిలిండర్లు లోపల తుప్పు పడతాయి. పాత ఆయిల్ మీదే కొత్తది పోయకుండా, డ్రమ్ములు విప్పి, గుంటలు పడిన సిలిండర్లను మార్చాలి. రబ్బరు కప్పులను కిరోసిన్‌తో కడగడం మనవాళ్ళకు అలవాటు. దాంతో అవి ఉబ్బిపోతాయి. కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, డ్రమ్ములోని దుమ్మును ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి. షెడ్లలో ఆ దుమ్ము పీల్చే కుర్రాళ్ళు మన ఇళ్ళవాళ్ళే కదా!

బిగించాక దూరపు చక్రం నుండి మొదలుపెట్టి గాలి తీయాలి. ద్రవం నొక్కితే కుంచించుకోదు, గాలి కుంచించుకుంటుంది. బుడగ మిగిలితే పెడల్ మెత్తగా కిందికి పోతుంది. ఒక రాత్రి ఆగి, తెల్లవారి చక్రాల లోపలివైపు తడి ఉందేమో వేలితో తడిమి చూడాలి.