కేశారోపణ శస్త్రచికిత్స పిమ్మట వ్యాయామము: ఎప్పుడు, ఎంత?

బిలాస్‌పూరు రైల్వే కూడలికి చేరువగా, అర్పానది దరిని, తోర్వా అను పేట కలదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే 1891లో నాగపూరును ఆసన్‌సోలుతో కలిపినది. ఆ రైల్వేలో కొలువు వెదకుకొనుచు ఉత్తరాంధ్ర తీరమునుండి వచ్చిన తెలుగు కుటుంబములు తరతరములుగా ఈ ప్రాంతమున స్థిరపడియున్నవి. నేడు ఈ నగరము ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములోనిది. 2003 నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన స్థానము.

ఇట్టి రైల్వే పేటలలో దేహబలముతో జీవించువారు పెక్కుమంది. పట్టాల నడుమ సమ్మెట యెత్తు ట్రాక్‌మన్, వ్యాగను క్రింద దూరి పనిచేయు ఫిట్టరు, గంటల తరబడి కూర్చుండి బండి నడపు లోకో పైలట్ ఒక్కొక్క విధముగా శ్రమించుచుందురు. యువకులలో కొందరు డ్యూటీ దిగిన పిదప వ్యాయామశాలకును పోవుదురు. అట్టివారిలో ఎవరైన బట్టతలకు శస్త్రచికిత్స చేయించుకొన్నచో, కుట్లు ఆరకమునుపే అడుగు ప్రశ్న యొక్కటియే: "డాక్టరుగారూ, మరల బరువు లెప్పుడు ఎత్తవచ్చును?" ఈ ప్రశ్నకు సరియైన సమాధానము తెలియక తొందరపడువాడు, ధనము వెచ్చించి నాటించుకొన్న వెండ్రుకలను తన చేతులారా పోగొట్టుకొనవచ్చును. మితిమీరి భయపడువాడు నెలల తరబడి మంచము వీడక, ఉన్న ఆరోగ్యమును చెరుపుకొనును.

చికిత్స స్వరూపము

జనులు హెయిర్ ట్రాన్స్‌ప్లాంటు అని పిలుచు ఈ చికిత్స క్రొత్తది కాదు. జపాను వైద్యుడు ఒకూడా 1939లోనే వెండ్రుకలతో గూడిన చిన్న చర్మఖండములను ఒకచోటినుండి మరియొకచోటికి మార్చి, ఆ సంగతిని ప్రచురించెను. న్యూయార్కు వైద్యుడు ఓరెన్‌ట్రైక్ 1952లో దీనిని మగవారి బట్టతలకు ప్రయోగించి, 1959లో తన ఫలితములను వెల్లడించెను. తల వెనుకభాగమున నుండు వెండ్రుకలు సాధారణముగా బట్టతలకు లొంగవు. వాటిని ముందుభాగమున నాటినను ఆ గుణమును విడువవు. చికిత్స అంతయు ఈ సత్యముపైననే ఆధారపడియున్నది.

వెనుకనుండి వెండ్రుకలను తీయుటకు రెండు పద్ధతులు వాడుకలో నున్నవి. మొదటి పద్ధతిలో చర్మమును సన్నని పట్టీవలె కోసి తీసి, అంచులను కుట్టివేయుదురు. రెండవదానిలో రోమకూపములను ఒక్కొక్కటిగా చిన్న గుండ్రని పనిముట్టుతో పెకలింతురు. కుట్లుండవు, చుక్కలవంటి చిన్న గాయములు మాత్రమే మిగులును. ఈ భేదము పాఠకులు గుర్తుంచుకొనవలసినది. వ్యాయామమునకు మరల పూనుకొను దినము చాలవరకు దీనిపైననే నిర్ణయమగును.

మొదటి పది దినములు

వరినాట్లు ఎరిగినవారికి ఈ విషయము సులభముగా బోధపడును. నారుమడినుండి తీసి దమ్ముచేసిన చేనిలో ఊడ్చిన మొక్క మొదటి దినములలో బురదలో నిలిచియుండునే గాని, వేరు పట్టి యుండదు. అప్పుడు పశువు త్రొక్కినను, నీరు ఉరవడిగా పారినను, మొక్క తేలిపోవును. వేరు పట్టిన పిదప గాలివానకును నిలువగలదు. తలలో నాటిన కూపముల స్థితియు అట్టిదే. మొదట వాటిని పట్టి యుంచునది గడ్డకట్టిన రక్తపు జిగట మాత్రమే. చుట్టునున్న కణజాలము అల్లుకొని, సన్నని రక్తనాళములు వాటిలోనికి ప్రవేశించుటకు కొన్ని దినములు పట్టును.

ఇది ఎన్ని దినములలో జరుగునో బెర్న్‌స్టైన్, రాస్‌మన్ అను అమెరికా వైద్యులు పరీక్షించి 2006లో ప్రకటించిరి. మొదటి రెండు దినములలో నాటిన వెండ్రుకను పట్టి లాగినచో, కూపము ఊడి వచ్చుచుండెను. అంటియున్న పొక్కును లాగినప్పుడు అయిదవ దినము వరకు కూపము దానితోపాటు పోవుచుండెను. దినములు గడచినకొలది అపాయము తగ్గి, తొమ్మిదవ దినమునాటికి నాటిన కూపములు లాగినను కదలని స్థితికి వచ్చెను. వైద్యులు సామాన్యముగా చెప్పు "పది దినముల జాగ్రత్త" కు ఆధారము ఇట్టి పరీక్షయే గాని, కేవలము ఆచారము కాదు.

ఈ పది దినములలో ప్రధాన శత్రువు రాపిడి. చొక్కాను తలమీదుగా విప్పుట, తువ్వాలుతో ముఖము తుడుచుకొనుచు నుదురుపైకి పోనిచ్చుట, వ్యాయామశాలలో బల్లపై పరుండి తలను ఆనించుట, ఇవి చూడ స్వల్పములే. హానిమాత్రము స్వల్పము కాదు. పనిస్థలమున ధరించు రక్షణ టోపీ, మోటారుసైకిలు హెల్మెట్టు కూడ ఈ కోవలోనివే. అందుచేత కొందరు హెల్మెట్టు లేకుండ బండి నడపుటకు సాహసింతురు. అది పరిష్కారము కాదు. వైద్యుడు అనుమతించువరకు బండి నడపకుండుటయే మార్గము. వెండ్రుక పోయినచో మరల నాటవచ్చును, తల పగిలినచో అంతే సంగతులు.

రక్తపు ఒత్తిడి, చెమట

రెండవ కారణము కంటికి కనబడనిది. నెత్తి చర్మమునకు రక్తప్రసారము మిక్కుటము. చిన్న గాటు పడినను ధారాళముగా కారుట అందరెరిగినదే. బరువెత్తునప్పుడు మనుష్యుడు ఊపిరి బిగబట్టును. ఆ క్షణమున రక్తపు ఒత్తిడి ఎంతగా పెరుగునో 1985లో కెనడా పరిశోధకులు ధమనిలోనే సాధనము నుంచి కొలిచిరి. రెండు కాళ్లతో మిక్కిలి బరువును త్రోయుచున్న వ్యాయామశీలురలో అది సగటున 320/250కి చేరెను. ఒకరియందు 480/350ని దాటెను. విశ్రాంతిలో ఆరోగ్యవంతుని ఒత్తిడి 120/80 ప్రాంతమున నుండును గదా! అప్పుడే మూసుకొనుచున్న వందలకొలది సూక్ష్మ గాయములపై ఇంత ఒత్తిడి పడినచో రక్తము చిమ్మవచ్చును, నాటిన కూపము పైకి త్రోయబడవచ్చును. తలను వంచి చేయు పనులలోను ఇట్టి అపాయము కలదు. శస్త్రచికిత్స పిమ్మట కొందరికి మూడు నాలుగు దినములకు నుదురును, కనురెప్పలును వాచును. అది సాధారణముగా తనంతట తగ్గును. వంగి పనిచేసినచో హెచ్చగును. ఆ దినములలో తలక్రింద రెండు మూడు దిండ్లు పెట్టుకొని నిద్రించుట మేలు.

చెమట స్వయముగా విషము కాదు. పొక్కులను నానబెట్టి, దురద పుట్టించి, చేతిని తలపైకి రప్పించుటయే దాని దోషము. బిలాస్‌పూరులో మే నెల యెండ 45 డిగ్రీల ప్రాంతమునకు చేరుచుండును; అప్పుడు నడచినంతమాత్రముననే తల తడియును. చికిత్సకు శీతకాలము నెంచుకొనుట అందుచేత తెలివిగల పని. మరియొక సంగతి. శస్త్రచికిత్స జరిగినచోట కొన్ని వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు, స్పర్శ మందగించియుండును. ఎండకు చర్మము కమలినను, అంచు తగిలి గీచుకొన్నను తెలియదు. కావున గాయములు మానిన పిదప వదులైన టోపీయో, గొడుగో ఎండలో అవసరము.

క్రమముగా పూనుకొనుట

మొదటి మూడు దినములు ఇంటిలో మెల్లగా తిరుగుటకు మించిన శ్రమ తగదు. నాలుగవ దినమునుండి వారము చివరవరకు చల్లని వేళ, తల నిటారుగా నుంచి, చెమట పట్టనంత నెమ్మదిగా నడువవచ్చును. పది దినములు గడచి పొక్కులు రాలిన పిదప వడిగా నడచుట, నిలిపి త్రొక్కు సైకిలు మొదలైనవి ప్రారంభింపవచ్చును. ఒక్కొక్క కూపముగా తీయించుకొన్నవారు రెండు వారములు దాటిన తరువాత తేలిక బరువులతో మొదలిడి, నాలుగవ వారమునాటికి పూర్వస్థితికి రావచ్చును. మొదటి దినమున పూర్వపు బరువులో సగము చాలును. ఊపిరి బిగబట్టక, ఎత్తునప్పుడు విడువవలెను.

పట్టీ కోసి కుట్లు వేయించుకొన్నవారికి ఈ లెక్క చెల్లదు. కుట్లు తీయగనే గాయము మానినదని జనులు భ్రమింతురు. చర్మము అతుకుకొన్నమాట నిజమే, బలము మాత్రము రాలేదు. మూడు వారములకు మచ్చ బలము మామూలు చర్మపు బలములో సుమారు అయిదవ వంతు. మూడు నెలలకుగాని అయిదింట నాలుగు వంతులకు చేరదు. మెడను ముందునకు లాగునట్టియు, భుజములను గట్టిగా బిగించునట్టియు వ్యాయామము ఆ మచ్చను వెడల్పు చేయును. నాలుగునుండి ఆరు వారముల వరకు అట్టివి మానుట ఉచితము. మెడ కండరములకై ప్రత్యేకముగా చేయు కసరత్తులకు మరికొంత వ్యవధి కావలెను.

మన వ్యాయామములలో కొన్ని తలతో ముడివడినవి. వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తినాయుని కీర్తి విని పెరిగిన ఉత్తరాంధ్ర కుటుంబములలో దండీలు, బస్కీలు, గదలు త్రిప్పుట నేటికిని వినబడు మాటలే. బస్కీలు దండీలకంటె ముందుగా ప్రారంభింపవచ్చును, ఏలయనగా వాటిలో తల క్రిందికి వాలదు. సూర్యనమస్కారములు దండీలతో సమానముగా ఎంచదగినవి. కుస్తీయు, శీర్షాసనమును అన్నిటికంటె చివర. శరీరభారమంతయు నాటినచోటనే మోపు శీర్షాసనమును వైద్యుడు తలను స్వయముగా చూచి సరే యన్నగాని తలపెట్టరాదు. కబడ్డీ, ఫుట్‌బాలు వంటి ఢీకొను ఆటలకు కనీసము ఒక మాసము ఆగవలెను.

ఈతయు అంతే. చెరువు నీటిలో సూక్ష్మజీవులును, ఈతకొలనులో క్లోరినును మానని చర్మమునకు కీడు చేయును. తోర్వా ఘాటువద్ద ఛఠ్ పండుగకు అర్పాలో దిగువారును, కార్తీకస్నానము చేయువారును ఈ నెల వ్యవధిని ముందుగనే లెక్కించి చికిత్స దినము నిర్ణయించుకొనవలెను. దీపావళి తలంటు విషయమును వైద్యునితో చెప్పుట మరువరాదు. తిరుపతి మ్రొక్కు ఉన్నవారు దానిని చికిత్సకు ముందే తీర్చుకొనుట సుఖము. తరువాతనైనచో నెలల కొలది వేచియుండవలసివచ్చును.

ఇదివరకు చెప్పినదంతయు వ్యాయామశాలకు పోవువానికే అని తలపరాదు. ఉదాహరణకు ఒక ట్రాక్‌మన్ వారము సెలవుపై చికిత్స చేయించుకొని, సిగ్గుచే ఎవరికిని చెప్పక, ఎనిమిదవ దినమున డ్యూటీకి వచ్చెననుకొందము. అతడు వ్యాయామము చేయుట లేదు. కాని ఎండలో రక్షణ టోపీ ధరించి సమ్మెట యెత్తుచున్నాడు. వ్యాయామశాలలో ఒక గంటలో జరుగు శ్రమ అతనికి ఎనిమిది గంటలు జరుగును. ఇట్టివాడు సెలవు రెండు మూడు వారములకు తగ్గకుండ ముందే ఏర్పాటు చేసికొని, మరల చేరునపుడు రైల్వే డాక్టరునకు నిజము చెప్పి, కొన్నాళ్లు తేలిక పని కోరుకొనుట మంచిది. బట్టతల దాచుకొనుటలో లేని తప్పు చికిత్సను దాచుటలో కలదు. బండి నడపువారు నొప్పికి వాడు మాత్రలు నిద్ర తెచ్చునవో కావో తప్పక అడిగి తెలిసికొనవలెను.

భయపడవలసినవి, భయపడనక్కరలేనివి

రెండవ వారమునుండి రెండవ నెలలోపుగా నాటిన వెండ్రుకలు పెక్కు రాలిపోవును. సరిగా అదే సమయమున వ్యాయామము మొదలిడినవాడు, దానివలననే రాలినవని కుమిలిపోయి మానివేయును. ఇది పొరపాటు. రాలునది వెండ్రుక కాడ మాత్రమే, కూపము చర్మమున భద్రముగా నుండును. మూడు నాలుగు నెలలకు క్రొత్త మొలకలు కనబడును. పూర్ణఫలితమునకు సుమారు ఒక సంవత్సరము పట్టును. నాటినచోటినుండి రక్తము కారినచో మాత్రము కూపము ఊడియుండవచ్చును. శుభ్రమైన గుడ్డతో మెల్లగా అదిమి వెంటనే వైద్యునికి చూపవలెను.

జ్వరము, నానాటికి హెచ్చు నొప్పి, చీము, ఎఱ్ఱదనము వ్యాపించుట, చర్మము నలుపెక్కుట, ఇవి గాయము చెడుచున్న గుర్తులు. వ్యాయామముచేయునపుడు గుండెదడయో, కన్నులు చీకట్లు క్రమ్ముటయో కలిగినచో తక్షణమే ఆపవలెను. చికిత్స చేసినవారు దూరమున నున్నారని వేచియుండక, సమీపముననున్న ఆసుపత్రికి పోవలెను.

ఈ చిక్కులు చాలవరకు చికిత్స చేయువాని యోగ్యతపై ఆధారపడును. జాతీయ వైద్య మండలి 2022 సెప్టెంబరులో వెలువరించిన మార్గదర్శకములలో, తగిన శిక్షణ పొందిన రిజిస్టర్డు వైద్యుడే ఈ శస్త్రచికిత్స చేయవలెననియు, యూట్యూబు చిత్రములు చూచి నేర్చుకొన్నది శిక్షణ కానేరదనియు స్పష్టపరచినది. మేజాపై పరుండుటకు ముందే ఆ వైద్యుని పేరు, యోగ్యతలు అడిగి వ్రాసికొనవలెను. ఏ పద్ధతిన చికిత్స జరిగినది, కుట్లున్నవా, నడకకు, బరువులకు, టోపీకి, డ్యూటీకి ఏయే తేదీలు అను వివరములను ఇంటికి పంపు కాగితముపైననే వ్రాయించుకొని, ఆ కాగితమును సెలవు ముగియువరకు దగ్గర నుంచుకొనవలెను.