రాతి కప్పలు

స్పెయిను దేశమునందలి సలమాంకా విశ్వవిద్యాలయము 1218వ సంవత్సరమున స్థాపింపబడినది. దాని ముఖద్వారముపై గోడ పదునారవ శతాబ్దపు శిల్పము. లతలు, రాజచిహ్నములు, మానవముఖములు ఆ రాతిపై క్రిక్కిరిసి యుండును. వాని నడుమ నొక కపాలముపై చిన్న కప్ప కూర్చుండి యున్నది. ఎవ్వరి సాయమును లేక దానిని కనుగొనిన విద్యార్థి పరీక్షలో నుత్తీర్ణుడగునని అచ్చటి వాడుక. ఎంత సులభమైన చదువు! యాత్రికులును మెడలు నిక్కించి వెదకుచుందురు. కప్ప కనబడగానే పలువురు మరలిపోవుదురు. తక్కిన గోడ నెవ్వరును చూడరేయని, 1900లో ఆ విశ్వవిద్యాలయమునకు అధ్యక్షుడైన ఉనమూనో పండితుడు వగచెనని చెప్పుదురు. శిల్పి తలచినది పరీక్షలను గాదు; పాపమును, మృత్యువును జ్ఞప్తికి దెచ్చుటకే దానిని చెక్కెనని పెక్కండ్ర యభిప్రాయము.

మన పొరుగున, కర్ణాటకమునందలి శృంగేరిలో, తుంగానదీతీరమునను ఒక రాతికప్ప కలదు. దానిపై సర్పము పడగ విప్పి నీడ పట్టుచున్నది. మండుటెండలో ప్రసవవేదన పడు కప్పకు పుట్టుపగయైన పామే గొడుగగుట చూచి, శంకరాచార్యులు అచ్చటనే మఠమును నెలకొల్పిరని ఐతిహ్యము. ఆ చోటిని కన్నడిగులు కప్పెశంకర మందురు. కప్పె యనగా మన కప్పయే.