మలబద్ధకమునకు పొట్ట మర్దనము

మలబద్ధకము సిగ్గుపడి దాచుకొనవలసిన వ్యాధి కాదు. అయినను మన పెన్‌పహాడ్ వంటి పల్లెలలో వృద్ధులనేకులు దానిని ఇంటివారికైనను చెప్పక సహించుదురు. మెత్తని మర్దనము వారికి కొంత మేలు చేయగలదు.

పెద్దప్రేగు కుడి తుంటి యొద్ద మొదలై, ప్రక్కటెముకల దాక పైకెక్కి, అడ్డముగా ఎడమకు పోయి, ఎడమ తుంటి వైపునకు దిగును. మలము నడచు త్రోవ యిదే. చేయియు నీ త్రోవనే నడవవలెను.

విధము: భోజనమైన వెంటనే చేయరాదు. మూత్రము విడిచి, వెల్లకిల పండుకొని, మోకాళ్లు ముడువవలెను. అరచేతికి కొంచెము నూనె రాచి, పై త్రోవను దినమునకు 10 లేక 15 నిమిషములు నిమురవలెను. నొప్పి పుట్టునట్లు అదుమరాదు.

దీని ఫలమెంత? 2009లో స్వీడన్ దేశస్థులు ప్రకటించిన పరీక్షలో 60 మంది రోగులు పాల్గొనిరి. 8 వారములు మర్దనము పొందినవారికి విరేచనములు హెచ్చెను, బాధ తగ్గెను; మందుల వాడకము మాత్రము తగ్గలేదు. కాబట్టి మర్దనము తోడు మాత్రమే. నీరు, ఆకుకూరలు, జొన్న గటక, నడక విడువరాదు.

గర్భిణులకును, క్రొత్తగా కడుపు ఆపరేషను అయినవారికిని వైద్యుని అడుగక చేయరాదు. మలములో రక్తము కనబడినను వైద్యునికి చూపవలెను. కడుపుబ్బి, వాంతులై, గాలియు వెడలనిచో ప్రేగు మూసుకొనియుండవచ్చును. అప్పుడు కడుపు తోమించుచు ప్రొద్దు పుచ్చుట ప్రాణాపాయము. వెంటనే సూర్యాపేట ప్రభుత్వాసుపత్రికి తీసికొనిపొండు.

మీ యింటి పెద్దలు తామై చెప్పరు. మీరే నెమ్మదిగా అడుగుడి.